నది చివర చూసిన అన్నదమ్ములు
(రిచర్డ్ లాండర్ జీవిత కథ)



మన హాస్టల్లో అన్నదమ్ములు ఒకే గదిలో ఉండటం కొత్త విషయం కాదు. అన్న ఏడో తరగతిలో ఉండగా తమ్ముణ్ణి ఐదో తరగతిలో చేర్చి, ఇద్దరికీ కలిపి ఒకే ట్రంకు పెట్టె ఇచ్చి, నాన్న సాయంత్రం బస్సుకు ఊరికి వెళ్ళిపోతాడు. ఆ రాత్రి తమ్ముడు ఏడుస్తాడు. అన్నకూ ఏడుపు వస్తుంది గానీ తమ్ముడు చూస్తాడని ఏడవడు. మనలో చాలామందికి ఇది తెలిసిన సంగతే. ఈ వార్షికోత్సవ సంచికకు ఎవరి గురించి రాయాలా అని ఆలోచిస్తుంటే నాకు అలాంటి అన్నదమ్ములే గుర్తుకు వచ్చారు. అన్న పేరు రిచర్డ్ లాండర్. తమ్ముడు జాన్ లాండర్. అన్న ఇళ్ళలో పనికి కుదిరి బతికినవాడు, తమ్ముడు ప్రెస్సులో పనిచేసినవాడు. పెద్ద పెద్ద పండితులు గదుల్లో కూర్చుని ఏళ్ళ తరబడి వాదించుకున్న ప్రశ్నకు వీళ్ళిద్దరూ 1830లో ఆఫ్రికాలో పడవ ఎక్కి జవాబు తెచ్చారు. నైజర్ నది చివరికి ఎక్కడికి పోతుంది అన్నదే ఆ ప్రశ్న.

పూటకూళ్ళ ఇంటి పిల్లవాడు

రిచర్డ్ 1804 ఫిబ్రవరి 8న ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతంలోని ట్రూరో పట్టణంలో పుట్టాడు. తండ్రి అక్కడ పూటకూళ్ళ ఇల్లు నడిపేవాడు. వచ్చేపోయే బాటసారులు, నావికులు చెప్పుకునే దూరదేశాల కబుర్లు వింటూ పెరిగిన రిచర్డ్‌కు ఇంటిపట్టున కాలు నిలవలేదు. తొమ్మిదేళ్ళ వయసులోనే ఇల్లు వదిలాడు. పదకొండో ఏట ఒక వర్తకుడి వెంట పనివాడుగా ఓడెక్కి వెస్టిండీస్ దీవులకు వెళ్ళాడు. అక్కడ సాన్ డొమింగోలో జ్వరం వచ్చి చావు దాకా వెళ్ళి బతికాడు. 1818లో ఇంగ్లండుకు తిరిగివచ్చి ధనికుల ఇళ్ళలో పనికి కుదిరాడు. దొరలు యూరప్‌లో తిరిగితే వాళ్ళ పెట్టెలు మోస్తూ తానూ తిరిగాడు. 1823లో ఒక మేజరు వెంట దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీకి కూడా వెళ్ళివచ్చాడు.

పెద్ద చదువు లేదు. ఆస్తి లేదు. మనిషి కూడా పొట్టివాడు. ఉన్నదల్లా ఎంత దూరమైనా నడిచే కాళ్ళు, ఎవరితోనైనా కలిసిపోయే గుణం. అతని వెంట ఎప్పుడూ ఒక బూర ఉండేది. సాయంత్రం పూట దాన్ని ఊదేవాడు. తర్వాత ఆఫ్రికాలో ఎన్నో ఊళ్ళలో జనం ఆ బూర వినడానికే అతని చుట్టూ మూగారు.

ఒక నది, వంద వాదాలు

ఇక్కడ నైజర్ నది గురించి కొంచెం చెప్పుకోవాలి. అది విచిత్రమైన నది. పశ్చిమ ఆఫ్రికాలో ఇప్పటి గినీ దేశపు కొండల్లో పుడుతుంది. అక్కడి నుంచి అట్లాంటిక్ సముద్రం దాదాపు 240 కిలోమీటర్లే. కానీ నది సముద్రం వైపు పోదు. దానికి వీపు చూపించి ఈశాన్యంగా ఎడారి అంచు దాకా పోతుంది. అక్కడ పెద్ద వంపు తిరిగి ఆగ్నేయంగా పారి, మొత్తం 4,180 కిలోమీటర్లు చుట్టి, గినీ సింధుశాఖలో కలుస్తుంది. ఇవాళ భూగోళం పుస్తకంలో ఒక గీతగా కనబడే ఈ సంగతి 1830 వరకు యూరప్‌లో ఎవరూ కళ్ళారా చూసి తేల్చలేదు.

1796లో ముంగో పార్క్ అనే స్కాట్లండు వైద్యుడు నైజర్ తూర్పుకు పారుతుందని చూసి వచ్చాడు. మళ్ళీ వెళ్ళి 1806లో బుస్సా అనే చోట నదిలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత వాదాలు ఎక్కువయ్యాయి. నైలు నదిలో కలుస్తుందని కొందరు, కాంగో నది ఇదేనని కొందరు అన్నారు. ఎడారి మధ్య సరస్సులో ఇంకిపోతుందని జేమ్స్ రెన్నెల్ అన్నాడు. మన దేశంలో బెంగాలుకు సర్వేయర్ జనరల్‌గా పనిచేసి, హిందూదేశానికి పేరుపొందిన పటం గీసింది ఈ రెన్నెలే. అంతటి వాడు కూడా ఈ నది విషయంలో పొరబడ్డాడు.

సరైన జవాబు కాగితం మీద ముందే చెప్పినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళలో ఒకడు జేమ్స్ మెక్వీన్. అతను వెస్టిండీస్‌లోని గ్రెనడా దీవిలో చెరకు తోట అజమాయిషీ చేసేవాడు. ఆ తోటలో ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు పనిచేసేవారు. వాళ్ళలో కొందరు నైజర్ ఒడ్డున పుట్టినవాళ్ళు. వాళ్ళు చెప్పిన మాటలను, వర్తకుల మాటలను కలిపి చూసుకుని నది గినీ సింధుశాఖలో కలుస్తుందని అతను రాశాడు. అంటే పండితులకు తెలియని సంగతి చెరకు నరికే బానిసలకు తెలుసు. వాళ్ళను అడిగిన వాడికి జవాబు దొరికింది. అంత మేలు పొందిన మెక్వీన్ తర్వాత బానిసత్వాన్నే సమర్థించడం చరిత్రలోని చేదు నిజం.

ఇంకో వింత కూడా ఉంది. నైజర్ సముద్రంలో కలిసే చోటికి యూరప్ ఓడలు కొన్ని వందల ఏళ్ళుగా వస్తూనే ఉన్నాయి. అక్కడి పాయల్లో లంగరు వేసి బానిసలను కొనుక్కుపోయేవి. తాము నిలబడ్డ నీళ్ళు నైజర్‌వే అని వాళ్ళకు తెలియదు.

యజమాని చనిపోయిన చోట

1825లో కెప్టెన్ హ్యూ క్లాపర్టన్ అనే నావికాదళ అధికారి ఆఫ్రికా లోపలికి బయలుదేరుతున్నాడని విని రిచర్డ్ అతని దగ్గర పనివాడుగా చేరాడు. అప్పటికి వయసు 21. ఆ బృందం ఇప్పటి నైజీరియా తీరంలోని బడాగ్రీలో దిగింది. దిగిన కొన్ని వారాలకే తోటి అధికారులు ఒక్కొక్కరే జ్వరాలతో చనిపోయారు. క్లాపర్టన్, రిచర్డ్, కొద్దిమంది ఆఫ్రికా సహచరులు మాత్రం వందల మైళ్ళు నడిచి ఉత్తరాన సొకోటో నగరం చేరారు.

అక్కడ క్లాపర్టన్‌కు జిగట విరేచనాలు పట్టుకున్నాయి. రిచర్డ్ రాత్రింబవళ్ళు సేవ చేశాడు. 1827 ఏప్రిల్ 13న క్లాపర్టన్ కన్నుమూశాడు. రిచర్డే దగ్గరుండి సమాధి చేయించి, ప్రార్థన చదివాడు. ఇప్పుడతను పరాయి రాజ్యంలో మిగిలిపోయిన పనివాడు. హుకుం ఇచ్చే దొర లేడు. ఎలాగైనా ప్రాణం దక్కించుకుని ఇంటికి పోయినా అడిగేవాడు లేడు. కానీ రిచర్డ్ యజమాని రాసుకున్న డైరీలను భద్రంగా కట్టుకున్నాడు. అంతేకాదు, నది వెంట సముద్రం దాకా పోదామని ప్రయత్నించాడు. దారిలో ఒక రాజు మనుషులు ఆపి వెనక్కి పంపడంతో వచ్చిన దారినే తిరిగివచ్చాడు.

ఆ నడకలో అతనికి తోడు పాస్కో. ఇతను హౌసా జాతి మనిషి. అసలు పేరు అబూబకర్. ఒకప్పుడు బానిసగా అమ్ముడుపోయి, తర్వాత ఇంగ్లీషు నౌకాదళం చేతుల్లో విడుదలై, ఓడల్లో పనిచేసి ఇంగ్లీషు నేర్చుకున్నాడు. దారి తెలిసింది, భాష తెలిసింది, రాజుల మర్యాదలు తెలిసింది పాస్కోకే. రిచర్డ్‌ను అక్కడి జనం చిన్న నసారా అని పిలిచేవారు. నసారా అంటే క్రైస్తవుడు. పొట్టివాడు కాబట్టి చిన్న నసారా.

బడాగ్రీ చేరాక పెద్ద గండం వచ్చింది. అక్కడి పోర్చుగీసు బానిస వర్తకులు ఇతను గూఢచారి అని రాజుకు చెప్పారు. ఆ రోజుల్లో అక్కడ నేరం తేల్చడానికి విషపు కషాయం తాగించేవారు. చస్తే నేరస్థుడు, బతికితే నిర్దోషి. వందలమంది చూస్తుండగా రిచర్డ్ ఆ గిన్నె ఎత్తి తాగాడు. గుడిసెలోకి వెళ్ళి వాంతి చేసుకుని బతికాడు. 1828లో ఇంగ్లండు చేరి క్లాపర్టన్ డైరీలను ప్రభుత్వానికి అప్పగించాడు.

తమ్ముడు వస్తానన్నాడు

పనివాడుగా వెళ్ళినవాడు సగం పని పూర్తి చేసుకుని వచ్చాడని ప్రభుత్వం గుర్తించింది. బుస్సా నుంచి నది వెంట దాని చివరి దాకా వెళ్ళే పని రిచర్డ్‌కే అప్పగించింది. పని అయితే వంద పౌన్లు ఇస్తామన్నారు. ఇంటి దగ్గర భార్య గడుపుకోవడానికి కొంత సొమ్ము ఇచ్చారు. పెద్ద అధికారులు వెళ్ళిన యాత్రలతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

అప్పుడు తమ్ముడు జాన్ తానూ వస్తానన్నాడు. జాన్‌కు రిచర్డ్ కంటే రెండు మూడేళ్ళు తక్కువ. ప్రెస్సులో పని నేర్చినవాడు. అక్షరం మీద మమకారం ఉన్నవాడు, అన్న కంటే చక్కగా రాయగలవాడు. ప్రభుత్వం వెళ్ళనిచ్చింది గానీ జాన్‌కు ఒక్క పైసా జీతం కూడా ఒప్పుకోలేదు. అయినా జాన్ వెనక్కి తగ్గలేదు. రిచర్డ్‌కు అక్కడ ఏముందో తెలుసు. ఎందరు చనిపోయారో చూశాడు. తెలిసి తెలిసి తమ్ముణ్ణి తీసుకుపోవడానికి అతని మనసు ఎంత తల్లడిల్లి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

1830 జనవరిలో పోర్ట్స్‌మత్‌లో ఓడెక్కి, పశ్చిమ ఆఫ్రికా తీరంలో పాస్కోనూ మరికొందరినీ కలుపుకుని, మార్చి 22న బడాగ్రీలో దిగారు. పాస్కో ఇద్దరు భార్యలు కూడా బృందంలో నడిచారు. ఇక్కడ ఒక కాకతాళీయం చెప్పాలి. నది సరస్సులో ఇంకిపోతుందన్న రెన్నెల్ సరిగ్గా వారం తర్వాత, మార్చి 29న లండన్‌లో కన్నుమూశాడు. తన మాట తప్పని తేలడం ఆయన చూడలేదు.

గొడుగు టోపీలు, కన్నులేని సూదులు

అన్నదమ్ముల వేషం చూస్తే మనకు నవ్వు వస్తుంది. గొడుగంత వెడల్పు గడ్డి టోపీలు, ఎర్రటి పొడుగు అంగీలు, వదులు పైజామాలు, కాళ్ళకు బూట్లు. అక్కడి జనం కూడా పగలబడి నవ్వారు. వీళ్ళు సిగ్గుపడినా ఆ ఎండకు ఆ టోపీలే పనికివచ్చాయి.

అక్కడ చెల్లే నాణెం గవ్వ. మన పిల్లలు గవ్వలాట ఆడుకునే అవే గవ్వలు. మన దక్షిణాన ఉన్న మాల్దీవుల నుంచి ఓడల్లో పోయిన గవ్వలు పశ్చిమ ఆఫ్రికాలో రొక్కంగా చెలామణి అయ్యేవి. రాజులకు కానుకలుగా ఇవ్వడానికీ, చిల్లర ఖర్చులకూ అన్నదమ్ములు ఇంగ్లండు నుంచి పూసలు, అద్దాలు, గుడ్డలు, సూదులు తెచ్చుకున్నారు. ఆ సూదులు చాలా శ్రేష్ఠమైనవని చెప్పి అమ్మారు. తీరా ఆఫ్రికా ఆడవాళ్ళు కొనుక్కుని చూస్తే చాలా వాటికి కన్నే లేదు. కన్నులేని సూది ఎవరికి కావాలి? పరాయి ఊరిలో మోసగాళ్ళమని పేరు వస్తుందని అన్నదమ్ములు ఆ సూదులను పారేశారు. తర్వాత సరుకు అయిపోయినప్పుడు పాత కోట్ల గుండీలు కూడా కోసి అమ్ముకోవాల్సి వచ్చింది.

దారి పొడుగునా జ్వరాలే. బుస్సా చేరకముందే జాన్ జ్వరంతో పడిపోయాడు. అడవి దారిలో, గుడారంలో, మందులు సరిగా లేని చోట తమ్ముడి పక్కన కూర్చుని రిచర్డ్ కన్ను మూయలేదు. మూడేళ్ళ కింద యజమానిని మట్టి చేసినవాడికి ఆ రాత్రులు ఎలా గడిచి ఉంటాయి! జాన్ బతికాడు. కొంచెం తేరుకోగానే మళ్ళీ పుస్తకం తీసి ఆ రోజుల సంగతులు రాసుకున్నాడు.

జూన్ 17న బుస్సా చేరారు. అక్కడి రాజు, రాణి వీళ్ళను ఆదరించారు. ముంగో పార్క్ కాగితాలు దొరుకుతాయేమోనని అడిగితే రాజు ఒక పాత పుస్తకం తెప్పించాడు. ఎంతో ఆశగా తెరిచి చూస్తే అది నావికులు వాడే లాగరిథమ్ పట్టికల పుస్తకం. అందులో ఎప్పుడో పార్క్‌ను లండన్‌లో భోజనానికి పిలిచిన ఒక చీటీ ఉంది. డైరీ మాత్రం దొరకలేదు. లెక్కల పుస్తకం, విందు పిలుపు మిగిలాయి, ప్రాణం పెట్టి రాసుకున్నది పోయింది. రాసుకున్నదాన్ని కాపాడుకోవడం ఎంత ముఖ్యమో అన్నదమ్ములకు ఆ రోజు అర్థమై ఉంటుంది.

నది మీద

వానలు వెలిశాక సెప్టెంబరు 20న బుస్సా దగ్గర పడవలెక్కారు. వీళ్ళను పంపే ముందు అక్కడి రాజు నదిని అడిగించి, ప్రయాణం క్షేమంగా సాగుతుందని తెలుసుకున్నాకే సరేనన్నాడు. అక్కడివాళ్ళు నదిని నల్లనీళ్ళు అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు.

పడవల సంగతి మాత్రం సూదుల సంగతే. మంచివని చెప్పి అంటగట్టిన పడవలకు అతుకులు ఎక్కువ, నీళ్ళు ఊరేవి. రబ్బా దగ్గర ఒక పాలకుడికి వీళ్ళ కానుకలు నచ్చలేదు. దాంతో ఎంతో ఇష్టంగా దాచుకున్న ముంగో పార్క్ అంగీని కూడా ఇచ్చేసి దారి విడిపించుకున్నారు. అక్టోబరులో ఒక రాత్రి ఒడ్డు దొరక్క నది నడుమే ఉండిపోయారు. ఉరుములు, మెరుపులు, పడవ చుట్టూ నీటిగుర్రాలు. ఒక్కటి పడవ కింద లేచినా అందరూ మునిగేవారు. తెడ్డు వేసేవాళ్ళు ఏడ్చేశారు. అన్నదమ్ములు ఆ రాత్రి నది మీదే తెల్లవార్చారు.

అక్టోబరు 25న తూర్పు నుంచి మరో పెద్ద నది వచ్చి కలవడం చూశారు. అది బెన్యూ. ఇప్పుడు అక్కడ లొకోజా పట్టణం ఉంది. నది ఇంకా వెడల్పయింది. దక్షిణానికి తిరిగింది. సముద్రం దగ్గరపడుతోందని మనసు చెబుతోంది.

పట్టుబడ్డారు

నవంబరు 5న కిర్రీ అనే సంత ఊరి దగ్గర ఎదురుగా పెద్ద పెద్ద పడవలు కనబడ్డాయి. వాటి మీద యూరప్ దేశాల జెండాలు, అందులో ఇంగ్లండు జెండా కూడా ఉంది. తీరపు వర్తకం వల్ల ఆ జెండాలు లోపలికి వచ్చాయి. సొంత జెండా చూసి అన్నదమ్ములు సంతోషించారు. కానీ ఆ పడవలు మీదపడి దోచుకున్నాయి. జాన్ ఎక్కిన పడవ మునిగింది. అతను నీళ్ళలో పడి ఈది ప్రాణం దక్కించుకున్నాడు. కొంతసేపు అన్నకు తమ్ముడు కనబడలేదు, తమ్ముడికి అన్న కనబడలేదు. బట్టలు, కానుకలు, తుపాకులు, మందులు అన్నీ పోయాయి. రిచర్డ్ రాసుకున్న డైరీలో చాలా భాగం నది పాలైంది.

ఒడ్డున సంతకు వచ్చిన జనమే వీళ్ళ మీద జాలిపడ్డారు. పంచాయతీ పెట్టించారు. దోచుకున్న వస్తువుల్లో కొన్ని తిరిగి వచ్చాయి. వాటిలో జాన్ నోటుపుస్తకాలు ఉన్నాయి. ఈ యాత్ర గురించి ప్రపంచానికి ఇవాళ తెలిసినదానిలో ఎక్కువ భాగం ఆ నోటుపుస్తకాల వల్లే తెలిసింది. జీతం లేకుండా వచ్చిన తమ్ముడి పుస్తకాలు అవి.

ఇద్దరినీ దక్షిణాన అబో పట్టణానికి, ఓబి అనే రాజు దగ్గరకు తీసుకుపోయారు. వీళ్ళను వదలాలంటే ఇరవైమంది బానిసల ఖరీదు చేసే సరుకు కావాలని రాజు అన్నాడు. మనిషికి ఖరీదు కట్టే ఆ వ్యాపారాన్ని అక్కడ పెంచి పోషించింది యూరప్ ఓడలే. ఇప్పుడు ఆ లెక్క ఇద్దరు ఇంగ్లీషువాళ్ళ మెడకే చుట్టుకుంది.

తీరప్రాంతం బ్రాస్ నుంచి వచ్చిన కింగ్ బాయ్ అనే నాయకుడు ఆ సొమ్ము తాను కడతానని, తీరంలో ఉన్న ఇంగ్లీషు ఓడ నుంచి లాభంతో కలిపి తనకు ఇప్పించాలని ఒప్పందం చేసుకున్నాడు. బ్రాస్ చేరాక జాన్‌ను తాకట్టుగా ఉంచుకుని రిచర్డ్‌ను ఓడ దగ్గరకు తీసుకుపోయారు. సముద్రం కనబడింది! వందల ఏళ్ళ ప్రశ్నకు జవాబు దొరికిన క్షణం అది. కానీ రిచర్డ్‌కు ఆ సంతోషం దక్కలేదు. తమ్ముడు వెనకాల తాకట్టులో ఉన్నాడు.

ఓడ పేరు థామస్. దాని కెప్టెన్ లేక్. సొంత దేశంవాడు కాబట్టి ఆదుకుంటాడని రిచర్డ్ నమ్మాడు. లేక్ ఒక్క పైసా ఇవ్వనని తిట్టి పొమ్మన్నాడు. పరాయి దేశంలో పరాయివాళ్ళు జాలిపడ్డారు, సొంత దేశంవాడు మొహం తిప్పుకున్నాడు. కొన్నాళ్ళు రిచర్డ్ ఆ ఓడ మీద తమ్ముడి కోసం కాచుకుని కూర్చున్నాడు. చివరికి కింగ్ బాయ్ జాన్‌ను తీసుకువచ్చాడు. అన్నదమ్ములు కలుసుకున్నారు. కింగ్ బాయ్‌కు ఆ రోజు ఏమీ ముట్టలేదు. అతని కోపంలో న్యాయం ఉంది. మాట నిలబెట్టుకోలేకపోయామని అన్నదమ్ములు బాధపడ్డారు. డిసెంబరు 1న ఫెర్నాండో పో దీవికి చేరారు. అక్కడి నుంచి బ్రెజిల్ మీదుగా చుట్టుతిరిగి 1831 జూన్‌లో ఇంగ్లండులో దిగారు.

పతకం ఒకరికి

లండన్‌లో 1830లోనే భౌగోళిక సంఘం ఏర్పడింది. అదే తర్వాత రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీగా ప్రసిద్ధి చెందింది. ఆ సంఘం ఇచ్చిన మొట్టమొదటి రాజబహుమతి, యాభై గినీలు, రిచర్డ్ లాండర్‌కు దక్కింది. పూటకూళ్ళ ఇంటి పిల్లవాడికి, ఇళ్ళలో పనిచేసిన వాడికి మొదటి బహుమతి! ఇది చిన్న విషయం కాదు. కానీ అదే దారి నడిచి, అదే జ్వరం పడి, తాకట్టులో ఉండి, డైరీ కాపాడిన జాన్‌కు అందులో భాగం లేదు. తర్వాత సుంకం ఆఫీసులో ఒక చిన్న ఉద్యోగం ఇప్పించారు.

1832లో అన్నదమ్ముల యాత్రా గ్రంథం మూడు సంపుటాలుగా వచ్చింది. జాన్ మర్రే అనే ప్రచురణకర్త వెయ్యి గినీలు ఇచ్చి తీసుకున్నాడు. పుస్తకం మీద మాత్రం ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

చివరి యాత్ర

నదికి దారి తెలిసింది కాబట్టి లివర్‌పూల్ వర్తకులు వెంటనే కదిలారు. 1832లో రెండు ఆవిరి పడవలతో రిచర్డ్‌ను మళ్ళీ పంపారు. వాటిలో ఆల్‌బుర్కా అనేది ఇనుముతో కట్టినది. ఈసారి జాన్ వెళ్ళలేదు. ఆ యాత్ర ఘోరంగా ముగిసింది. వెళ్ళిన 48 మంది యూరోపియన్లలో 9 మందే ప్రాణాలతో తిరిగివచ్చారు. చాలామందిని చంపింది మలేరియా.

మలేరియా దోమ వల్ల వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. చెడుగాలి వల్ల వస్తుందనుకునేవారు. 1854లో ఒక బృందం క్వినైన్ క్రమంగా వాడుతూ ఇదే నది మీద వెళితే ఒక్క యూరోపియన్ కూడా చనిపోలేదు. దోమ గుట్టు బయటపడింది 1897 ఆగస్టు 20న. అదీ ఎక్కడో కాదు, మన సికింద్రాబాదులో. బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. నైజర్ మీద అంతమందిని పొట్టనబెట్టుకున్న శత్రువు జాడ మన గడ్డ మీద దొరికిందంటే ఆశ్చర్యంగా లేదూ!

1834 జనవరిలో రిచర్డ్ పడవలో సరుకు తీసుకుపోతుండగా డెల్టాలో ఒడ్డు మీది నుంచి కాల్పులు జరిగాయి. తుపాకీ గుండు తొడలో దిగింది. ఎలాగో ఫెర్నాండో పో చేరాడు గానీ పుండు విషమించి ఫిబ్రవరి మొదటి వారంలో చనిపోయాడు. ముప్పై ఏళ్ళు నిండటానికి ఇంకా కొన్ని రోజులు ఉంది. ఆఫ్రికాలో తెచ్చుకున్న జబ్బుతో జాన్ కూడా 1839 నవంబరులో లండన్‌లో కన్నుమూశాడు. ట్రూరో పట్టణంలో ఎత్తయిన రాతి స్తంభం కట్టారు. దాని మీద 1852లో రిచర్డ్ విగ్రహం నిలబెట్టారు.

మనం ఆలోచించవలసింది

లాండర్ సోదరులు నైజర్‌ను కనిపెట్టారని కొన్ని పుస్తకాలు రాస్తాయి. ఆ మాట సరికాదు. నది ఒడ్డున వేల ఏళ్ళుగా మనుషులు ఉన్నారు. దాని ప్రతి పాయా వాళ్ళకు తెలుసు. పాస్కో లాంటి వాళ్ళు దారి చూపకపోతే అన్నదమ్ములు పది మైళ్ళు కూడా పోలేరు. వీళ్ళు చేసింది నదిని బుస్సా నుంచి సముద్రం దాకా చూసి, రాసి, లోకానికి చెప్పడం. అది గొప్ప పనే. కానీ పాస్కోకు విగ్రహం లేదు. ఆయన భార్యల పేర్లు మనలో ఎవరికీ తెలియవు.

ఇంకో మాట కూడా దాచకూడదు. వీళ్ళు తెరిచిన దారిన వర్తకులు వచ్చారు. పామాయిలు వ్యాపారం పెరిగింది. ఆ తర్వాత తుపాకులు వచ్చాయి, కంపెనీ వచ్చింది, చివరకు బ్రిటిష్ పాలన వచ్చింది. కంపెనీ వర్తకంతో మొదలై పరపాలనలో ముగిసిన కథ మన దేశానికి కొత్త కాదు. నైజర్ పేరు మీదే పేరు పెట్టుకున్న నైజీరియా 1960 అక్టోబరు 1న స్వతంత్రమయ్యింది. అన్నదమ్ములు పడవెక్కిన పాత బుస్సా 1968లో కైంజీ ఆనకట్ట కింద మునిగిపోయింది. ఆనకట్ట నీళ్ళలో ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు మన హాస్టల్ పిల్లల్లో కూడా ఉన్నారు కాబట్టి ఆ బాధ మనకు వేరే చెప్పనక్కరలేదు.

తమ్ముళ్ళూ, ఈ కథలో నాకు ఎక్కువగా నచ్చింది విగ్రహం కాదు, పతకం కాదు. నదిలో అన్నీ పోయినా మిగిలిన జాన్ నోటుపుస్తకం. జ్వరంలో కూడా, ఆకలిలో కూడా, ఆ రోజు చూసింది ఆ రోజే రాసుకున్నాడు. పెద్ద చదువులు చదివినవాళ్ళు ఊహించి రాశారు. పనివాడు, ప్రెస్సు పనివాడు చూసి రాశారు. చూసి రాసిందే నిలబడింది.

మన ట్రంకు పెట్టెలో కూడా ఒక నోటుపుస్తకానికి చోటుంటుంది. మన ఊరు, మన వాగు, మన అమ్మానాన్నల కష్టం, మన హాస్టల్ రోజులు, వాటి గురించి మనకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. మనం రాయకపోతే ఎవరో ఊహించి రాస్తారు. రాసేటప్పుడు మనకు దారి చూపిన పాస్కోల పేర్లు మాత్రం మరిచిపోకండి. ఒకే పెట్టె పంచుకున్న అన్నల, తమ్ముళ్ళ పేర్లు కూడా.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థి